సిద్దమ్మ ఎడమకాలు

సిద్దమ్మకు కోపం రావడానికి కారణమే అక్కర్లేదని ఊళ్లో అనుకుంటారు. ఉత్త అబద్ధం. ఆమె ప్రతి కోపానికీ కారణం ఉంటుంది. అడిగితే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది. ఈ ఏడాది మాత్రం ఆమె కోపాలన్నిటికీ ఒకటే మాట కారణం. ఆ మాట "ఏమీ లేదు."

పులివెందులలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఎముక బాగుంది, ఏమీ లేదన్నాడు. జమ్మలమడుగులో ఇంకో డాక్టరు నరాల బలహీనత అని చెప్పి ఎర్రసూదులు వేశాడు. సూదులన్నీ అయిపోయాక రక్తపరీక్ష కాగితం తిరగేసి, ఇందులో ఏమీ లేదే అని తానే ఆశ్చర్యపోయాడు. ప్రొద్దుటూరులో ఆమెను పెద్ద గొట్టంలోకి తోసి, చెవుల పక్కన రేకుడబ్బాలు కొట్టినట్టు చప్పుడు చేసి, తలనుంచి నడుందాకా ఫొటోలు తీశారు. అందులోనూ ఏమీ లేదు. "ఏమీ లేకుంటే ఈ కాలు యాల లెయ్యదు సార్?" అని సిద్దమ్మ అడిగిన చోటల్లా బలం మాత్రలు రాశారు. ఒకాయన మాత్రం, మనసు ప్రశాంతంగా పెట్టుకో తల్లీ అన్నాడు. సిద్దమ్మ చేతికర్ర పైకి లేవబోయింది. ఆమె మొగుడు రామసుబ్బయ్య ఆ కర్ర పట్టుకుని ఆమెను బయటికి లాక్కొచ్చాడు.

ఆమెది సింహాద్రిపురం దాపున ఒక చిన్న పల్లె. పుట్టింట్లోనూ గొర్రెలే, మెట్టినింట్లోనూ గొర్రెలే. నడక వచ్చినప్పటినుంచీ జీవాల వెనక తిరిగిన మనిషి. గుట్ట మీద మంద మేస్తుంటే కర్రకు గడ్డం ఆనించి, ఎడమకాలి మీద నిలబడి, కుడి పాదం ఎడమ మోకాలికి మోపి, పొద్దు వాలేదాకా అట్లాగే ఉండేది. అది మగవాళ్లు నిలబడే తీరని అత్త వెక్కిరించేది. "అట్లయితే మగోల్లనే పంపు పో" అని సిద్దమ్మ జవాబు. రామసుబ్బయ్యకేమో జీవాలంటే మొదటినుంచీ విసుగు. ఆయన ఒకరి చీనీతోటలో, బత్తాయి చెట్లకు నీళ్లు కట్టే డ్రిప్పు పైపులు చూసుకునే పనికి పోతాడు. మందను అమ్మేసి ఓ తోట గుత్తకు పట్టాలని ఆయన కోరిక. ఆ మాట ఎత్తిన రోజు ఇంట్లో చెంబులు ఎగిరేవి.

వానలు వెనకపట్టే రోజుల్లో ఈ పీడ పట్టుకుంది. నీళ్లు పారే వంకలోకి దిగిన పొట్టేలును గట్టెక్కించబోయి, పాచిబండ మీద జారి, ఆమె ఎడమ చీలమండ బెణికింది. కాలు గుండులా వాచింది. నాటుకట్టు కట్టించుకుని మంచాన పడింది. వాపు పోయింది, నొప్పి పోయింది. కట్టు విప్పేసి, హమ్మయ్య అని లేవబోతే ఎడమకాలు ఆమెతో రాలేదు.

కాలు అక్కడే ఉంది, కానీ ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. తొడ నుంచి కిందికంతా మొద్దుబారింది. అడుగేస్తే పాదం నేలను ఈడ్చుకుంటూ వెనకాల వచ్చేది. ఒక్కోసారి మోకాలు ఉన్నట్టుండి మడతపడి కూలబడేది. ఇంకా చిత్రమేమిటంటే, కొన్ని పూటలు బాగానే ఉండేది. పెరట్లోకి బాగానే పోయేది. అంతలో పక్కింటి యశోద గోడ మీదుగా తొంగిచూసి, "కాలెట్లుంది సిద్దమ్మక్కా?" అనేది. అంతే, కాలు అక్కడికక్కడే బిగుసుకుపోయేది. రోజుకు ఊరంతా ఒకసారి ఆ ప్రశ్న వేసేది. చివరికి సిద్దమ్మ వాకిట్లో నిలబడి, "నా కాలు సంగతి అడిగినోల్ల కాలు ఇరగ్గొడతా!" అని అరిచింది. జాలిపడే వాళ్ల మీద కూడా ఎగబడుతుందే అని ఊరు నొచ్చుకుంది.

ఇదంతా ఎట్లున్నా, ముందు వరికోతల గండం ఉంది. కేసీ కాలువ కింద కోతలు అయ్యాక ఏటా మందను అటు తోలుకుపోతారు. కోసిన మళ్లలో రాత్రిళ్లు గొర్రెలను ఆపితే రైతుకు ఎరువు, జీవాలకు మేత. ఈ మెట్టసీమలో ఎండాకాలం మంద బతకాలంటే ఆ దారి తప్ప ఇంకోటి లేదు. రామసుబ్బయ్య మొగమాటం లేకుండా చెప్పేశాడు.

"నువ్వు నడిస్తే తోలుకోని పోదాం. నడవకుంటే షాకీర్‌కు అమ్మేస్తా. నేనొక్కన్నే అంత దూరం తోలలేను, నాకు అవి మాట ఇనవు."

షాకీర్ ప్రొద్దుటూరు సంతకు జీవాలు కొనుక్కుపోయే వ్యాపారి. ఆయన వచ్చి మందను చూసుకుని కూడా పోయాడు.

సరిగ్గా అప్పుడు జరిగింది ఆ ఘనకార్యం. ఓ సాయంత్రం, రోజుకూలికి పెట్టిన పిల్లోడు మందను మేపి దొడ్డికి తోలుకొచ్చే వేళ సిద్దమ్మ కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ దొడ్డి దాకా పోయింది. ఊరకుక్క ఒకటి గొర్రెపిల్లల మీదికి ఎగబడింది. సిద్దమ్మ దాన్ని బూతులు తిట్టి తరిమి, కర్రకు గడ్డం ఆనించి నిలబడి, పిల్లల్ని కళ్లతోనే వెతుక్కుంటోంది. పనినుంచి వస్తున్న రామసుబ్బయ్య బండి ఆపి చూశాడు. పెళ్లాం ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆ ఒంటికాలు ఎడమకాలు!

"దొరికినావు మే!" అన్నాడు. "ఊరందర్నీ ఎర్రోల్లను చేస్తాండావే! నాటకమా?"

సిద్దమ్మ కిందికి చూసుకుంది. చూసుకున్న మరుక్షణం మోకాలు మడతపడి కంచె మీద పడింది. ముళ్లు గీరుకున్నాయి. రామసుబ్బయ్య లేపలేదు. "ఇంగ ఆపు" అని ఇంట్లోకి పోయాడు.

తెల్లారేసరికి ఊరికి విషయం తెలిసింది. మందను అమ్మకుండా ఆపడానికి సిద్దమ్మ కుంటుతోందని అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. ఎంత తెలివిగల ఊరు!

"కాలు లేకుంటేనే గదా ఆ మొగోడు అమ్మేది!" అని సిద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "అమ్మకుండా ఆపాలంటే నేను నడిచే నాటకమాడాల గానీ కుంటే నాటకమెందుకు? రొంతన్నా బుర్ర పెట్టి ఆలోచించరేంది?"

ఎవరూ ఆలోచించలేదు. ఆమెకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. నేను నిజంగా నిలబడ్డానా, నిలబడితే ఇప్పుడెందుకు రాదు, నాకు తెలియకుండా నేనే దొంగతనం చేస్తున్నానా అని. ఆ అనుమానం ఆమెను కాలికంటే ఎక్కువ ఏడిపించింది.

ఇదే ఆఖరిసారి అని మొగుణ్ణి ఒప్పించుకుని ప్రొద్దుటూరుకు పోయింది. నరాల జబ్బుల డాక్టరు చంద్రమోహన్ కొత్తగా వచ్చినవాడు, మేడ మీద ఆసుపత్రి. ఆమె నోరు తెరవకముందే రామసుబ్బయ్య మొదలుపెట్టాడు. ఒంటికాలి సంగతి, కుక్క సంగతి, ఊరి సంగతి అన్నీ వల్లించాడు. డాక్టరు అంతా విని, సిద్దమ్మను బల్లమీద పడుకోబెట్టాడు.

"ఎడమకాలు ఎత్తమ్మా. పోనీ, ఆ మడమతో బల్లను కిందికి నొక్కు."

సిద్దమ్మ పళ్లు బిగించింది. కాలు లేవనూ లేదు, బల్లను నొక్కనూ లేదు.

"సరే, దాన్ని వదిలెయ్. కుడికాలు ఎత్తు. నేను తొక్కిపెడతా, నువ్వు గట్టిగా ఎత్తాల." ఒక చేత్తో కుడికాలు అదిమిపెట్టి, రెండో చేతిని ఆమె ఎడమ మడమ కింద పెట్టాడు. సిద్దమ్మ కుడికాలిని బలంగా ఎత్తింది. డాక్టరు తలాడించి రామసుబ్బయ్యను పిలిచాడు. "ఈసారి నీ చెయ్యి పెట్టు ఆ మడమ కింద."

మళ్లీ ఎత్తించాడు. రామసుబ్బయ్య అరచెయ్యి ఆమె ఎడమ మడమ కింద బల్లకు నొక్కుకుపోయింది. చెయ్యి వెనక్కి లాక్కుని, గెలిచినవాడిలా లేచాడు. "చూస్తివా సార్! బలముండాది! నేను చెప్పలే?"

సిద్దమ్మకు మండిపోయింది. ఇంతదూరం వచ్చి డాక్టరు చేత కూడా దొంగ అనిపించుకోవాలా? చీర సర్దుకుని, "పదయ్యా పోదాం. ఈన కూడా మీ ఊరోడే" అని దిగబోయింది.

"కూర్చోమ్మా," అన్నాడు చంద్రమోహన్. ఆయనకూ విసుగొచ్చింది, కానీ ఆమె మీద కాదు. "ఏమప్పా, నీకు బలం కనపడింది, నాకు జబ్బు కనపడింది. కావాలని నొక్కబోతే రాదు. ధ్యాస కుడికాలి మీదికి పోగానే ఎడమకాలు దానంతటదే పనిచేస్తుంది. పక్షవాతమైతే ఇట్ల రాదు. నాటకమాడేటోల్లకు ఈ మర్మం తెల్దు. ఇది ఒక జబ్బు, దీనికి పేరుంది, ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు. ఎముక బాగుంది, నరం బాగుంది. మెదడు ఆ కాలికి పని చెప్పే తీరు తప్పింది. ఏమీ లేదని కాదమ్మా, ఉంది."

ఉంది! ఇన్ని నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి. సిద్దమ్మ బల్ల అంచు పట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇంతకుముందోల్లకు ఈ మాట చెప్పడానికి ఏం రోగం సార్?" అని తగులుకుంది.

ఎందుకొచ్చిందని అడిగింది. కాలు బెణికినప్పుడు నొప్పికి భయపడి మెదడు ఆ కాలికి కాపలా పెట్టిందని, నొప్పి పోయినా కాపలా పోలేదని ఆయన చెప్పాడు. అందరికీ ఇట్లాగే రాదు, కొందరికి జ్వరం తర్వాత, కొందరికి పెద్ద దిగులు తర్వాత, కొందరికి ఏ కారణమూ దొరకదు అన్నాడు. ఒకరికి చేతులు వణుకుతాయి, ఒకరికి మాట పోతుంది, ఒకరికి మూర్ఛ మాదిరి ఫిట్స్ వస్తాయి, అందరి స్కానింగులూ బాగుంటాయి, అందరూ ఇంట్లో తిట్లు తింటారు అన్నాడు.

"ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా?"

"గొడవల్లేని ఇల్లు యాడుంది సార్? ఉంటే చెప్పు, ఆడికే పోతా."

డాక్టరు నవ్వాడు. "ఫోను పగలకున్నా లోపల సాఫ్ట్‌వేరు తప్పితే..." అని ఏదో మొదలుపెట్టాడు. తనది బటన్ ఫోననీ, అందులో అట్లాంటివేమీ ఉండవనీ సిద్దమ్మ కొట్టిపారేసింది. అప్పుడాయన రామసుబ్బయ్య వైపు తిరిగాడు. "నువ్వు మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందేస్తాండావు, మోకాలు ఎంత వంచుతాండావు, మడమ యాడ మోపుతాండావు, ప్రతి మెట్టుకూ ఆలోచిస్తా దిగు. అప్పుడు నీ పెండ్లాం బాధ తెలుస్తుంది."

రామసుబ్బయ్య అదేం గొప్ప అన్నట్టు చూశాడు. కానీ మనిషికి ఒక మాట చెవిలో పడ్డాక ఊరుకోలేడు. మెట్ల మీద ఆయన కుడికాలు ముందా ఎడమకాలు ముందా అని చూసుకుంటూ దిగాడు. సగం దిగేసరికి రెండు కాళ్లూ ఒకదానికొకటి అడ్డమొచ్చి, చెప్పు జారి, కడ్డీ పట్టుకుని వేలాడాడు. వెనక గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతున్న సిద్దమ్మ చూసింది.

"ఏందయ్యా, నాటకమా?"

"చెప్పు తెగింది" అన్నాడు. చెప్పు తెగలేదు. మిగతా మెట్లు కడ్డీ వదలకుండా దిగాడు.

మందు బిళ్లలు ఇవ్వలేదు. నడక మళ్లీ నేర్చుకోవాలట! యాభైకి దగ్గరపడిన మనిషి, గుట్టలెక్కి దిగిన మనిషి, నడక నేర్చుకోవడమేమిటని సిద్దమ్మ దారిపొడుగునా సణిగింది. నేర్పేది పులివెందులలో ఆర్షియా అనే ఫిజియోథెరపీ అమ్మాయి. చిన్నపిల్ల, తలమీద దుపట్టా, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట.

"కాలును చూడొద్దు అమ్మా."

"చూడకుంటే పడనా పాపా?"

"చూస్తేనే పడతాండారు. గోడ మీది గడియారం చూడండి. మీ గొర్రెల గురించి చెప్పండి నాకు."

సిద్దమ్మ చెప్పింది, తిట్టింది, పడింది, మళ్లీ లేచింది. ముందుకు ఎంత నడిపించినా కాలు ఈడుస్తూనే ఉంది. ఓ రోజు ఆర్షియా ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అయితే వెనక్కి నడవండి" అంది. సిద్దమ్మ వెనక్కి అడుగేసింది. ఎడమకాలు లేచింది. శుభ్రంగా లేచి, శుభ్రంగా పడింది. గోడ దాకా పోయి వీపు తగిలేదాకా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"వెనక్కి నడిచే తీరు వేరే. ఆ పాడు అలవాటు ఇందులోకి ఇంకా రాలేదు," అని ఆర్షియా చెప్పింది. తర్వాత రామసుబ్బయ్యను లోపలికి పిలిచింది. "మామా, మీరూ కాలు వైపు చూడొద్దు. ఎట్లుందని అడగొద్దు. ఆమె ధ్యాస ఇంకోదాని మీదికి పోయేట్టు మాట్లాడండి." ఆయన గోడ మీది గడియారం వైపు చూశాడు.

ఇంటికొచ్చి సిద్దమ్మ పెరట్లో వెనక్కి నడిచి చూసుకుంది. యశోద గోడ మీదుగా చూసింది. ఇంకేముంది! ముందుకు నడవలేనామె ఎనక్కి నడుస్తాందంట అని సాయంత్రానికల్లా ఊరు పగలబడి నవ్వింది. దొంగ కాలు బయటపడిందన్నారు. కుంటే మనిషికి కాసిన్ని మంచినీళ్లు ఇచ్చినవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు.

సిద్దమ్మ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. ఇదెక్కడి న్యాయం? నడిస్తే దొంగ, నడవకపోతే కుంటిది. మంచం మీదే ఉంటే కాస్తయినా జాలిపడతారు, కానీ మంద పోతుంది. వెనక్కి నడిస్తే మంద ఉంటుందేమో, కానీ ఈ ఊళ్లో ఇక తన మాట ఎవరూ నమ్మరు. రామసుబ్బయ్య వచ్చి, షాకీర్ శుక్రవారం నమాజు అయ్యాక వ్యాన్ తెస్తాడని చెప్పి పోయాడు.

శుక్రవారం పొద్దున్నే సిద్దమ్మ లేచింది. నమ్మకపోతే పోండి, మీ నమ్మకాన్ని నేనేమన్నా మేపుతానా అనుకుంది. కంబళి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, దొడ్డి తలుపు తీసింది. గొర్రెలవైపు తిరిగి నాలుకతో చప్పుడు చేసి, వెనక్కి అడుగేసింది. మందకు ముందు నడిచే నల్లమేక ఆమె మొహంలోకి చూస్తూ కదిలింది. దాని వెనక మందంతా కదిలింది.

కేసీ కాలువ దారి పట్టి, ఊరి నడివీధిలో ఆమె వెనక్కి నడుచుకుంటూ పోయింది. టీ బంకు దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. "యాడికి పోతాండావు సిద్దమ్మా, రివర్సు గేరులో?" అన్నాడొకడు. "నీ అబ్బ పెండ్లికి!" అని ఆమె అక్కడినుంచే జవాబిచ్చింది. నవ్వేవాళ్లందరి మొహాలూ ఎదురుగానే ఉన్నాయి, ఒక్కటీ తప్పించుకోవడానికి లేదు. కళ్లు మండాయి. అయినా అడుగు ఆపలేదు.

అప్పుడు వీపు వెనకనుంచి గొంతు వినిపించింది. "రాయుండాది. ఎడమకు రా." రామసుబ్బయ్య. ఎప్పుడొచ్చాడో, దారిలో ఆమెకంటే ముందు నడుస్తున్నాడు. "గుంత. ఇంకొంచెం కుడికి."

"నువ్వేంది ఈడ? షాకీర్ వస్తాడు గదా?"

"వస్తే రానీ. ఫోన్ చేసి వద్దని చెప్తిలే. రాయి, చూసుకో."

ఊరి బయట వంక మీద కల్వర్టు ఉంది. సన్నటిది, రెండుపక్కలా గోడల్లేవు. దాన్ని వెనక్కి దాటితే వంకలో పడటమే. సిద్దమ్మ మొదట్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి, దారివైపు మొహం పెట్టి నిలబడింది. కింద అవే పాచిబండలు. ఊళ్లోంచి కొందరు వెంబడే వచ్చి చూస్తున్నారు. అడుగేయబోయింది. ఎడమకాలు నేలకు అంటుకుపోయింది. వెనక మంద తోసుకుంటోంది.

ఆయన కూడా ఇప్పుడు తిరిగి కాలే చూస్తాడు అనుకుంది. ఇన్ని నెలలూ పోలీసోడిలా ఆ కాలినే చూశాడు. రామసుబ్బయ్య తిరిగాడు గానీ కాలు చూడలేదు. వంక అవతలి చీనీతోటలను చూస్తూ, తాపీగా అన్నాడు.

"చెప్పడం మరిచిపోతి మే. ఆ నల్లమేకను షాకీర్‌కు ముందే ఇచ్చేస్తి. దావలో వచ్చి పట్టుకుపోతాడు."

"ఏమంటివి?"

"ముసల్ది గదా. దాన్ని పెట్టుకోని ఏం చేస్తాం?"

"నీ నోట్లో మన్నువడ! దాన్నిస్తివా? మందకు దావ సూపేదాన్ని ఇస్తివా?" కర్ర ఎత్తింది సిద్దమ్మ. "అది లేకుంటే ఈటిని నువ్వు తోలతావా? పైపులు తిప్పుకునే నీ మొగానికి జీవాల సంగతేం తెలుసు? ఎవుర్నడిగి ఇస్తివి? నిలబడు ఆడ, నిలబడంటాండానా!"

ఆయన నిలబడలేదు. వీపు చూపించి నడిచాడు. ఆమె వెంటపడింది. ఆయన తాతను, ముత్తాతను, ఆయన తోటను, తోటలో కాసిన ప్రతి చీనీకాయనూ తిట్టుకుంటూ వెంటపడి, కర్ర చివర ఆయన భుజానికి తగిలేంత దగ్గరికి వచ్చింది.

"యాడిచ్చినా?" అన్నాడు రామసుబ్బయ్య, వెనక్కి తిరక్కుండానే. "నీ ఎనకే వస్తాంది గదా."

నల్లమేక మూతి ఆమె మోచేతికి తగిలింది. కాళ్లకింద సిమెంటు లేదు, మట్టి ఉంది. కల్వర్టు వెనకెక్కడో ఉండిపోయింది.  ఒక్క క్షణం ఆగితే కాలు గుర్తొస్తుంది, కిందికి చూడాలనిపిస్తుంది. ఆయనకూ అది తెలుసు, అందుకే తల తిప్పకుండా, తిట్లకు వీపు అప్పగించి ముందు నడుస్తున్నాడు.

"అబద్ధాలకోరోడా!" అని సిద్దమ్మ మళ్లీ మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ, ఊపిరి తీసుకోకుండా, చింతలచెట్ల మలుపు దాటేదాకా ఆయన్ను తిడుతూనే నడిచింది.